నామవాచకమునకు కాలము: కృత్రిమ భాషలలో ఒక ప్రయోగము

కాలమును తెలుపునది క్రియ. వస్తువును తెలుపునది నామవాచకము. ఈ విభజనను విద్యార్థులు చిన్న తరగతులలోనే నేర్చుకొందురు. ‘వచ్చెను’ అన్నచో పని జరిగిపోయినది. ‘వచ్చుచున్నాడు’ అన్నచో జరుగుచున్నది. ‘రాగలడు’ అన్నచో జరుగవలసియున్నది. ‘ఇల్లు’, ‘రాజు’, ‘చెట్టు’ అను మాటలలో ఇట్టి భేదమేదియు కనబడదు. కాని కొంచెము ఆలోచించినచో సందేహము పుట్టును. కూలిపోయిన ఇంటికి, కాపురమున్న ఇంటికి, ఇంకను పునాది తీయని ఇంటికి ఒక్కటే మాట చాలునా? రాజ్యము పోగొట్టుకొన్నవాడును, ఏలుచున్నవాడును, పట్టాభిషేకమునకు వేచియున్నవాడును ‘రాజు’ అను ఒక్క పేరునకే తగుదురా?

వాడుకలోనున్న భాషలు ఈ చిక్కును అదనపు మాటలతో తీర్చుకొనుచున్నవి. తెలుగువారు ‘మాజీ మంత్రి’ అందురు, ‘కాబోవు అల్లుడు’ అందురు, ‘భావిపౌరులు’ అందురు. అయితే భాషను కొత్తగా నిర్మింప బూనినవారికి ఇంకొక ఆలోచన తోచినది. క్రియకు ఒక్క అక్షరము చేర్చి కాలమును తెలుపగలిగినప్పుడు, నామవాచకమునకును ఆ అక్షరమునే చేర్చరాదా? ఒక వ్యక్తి గాని, కొందరు గాని బుద్ధిపూర్వకముగా నిర్మించిన భాషలను కృత్రిమ భాషలందురు. అట్టి భాషలు కొన్నిటిలో ఈ ప్రయోగము జరిగినది. చూచుటకు ఇది మిక్కిలి సులభము, సుందరము. అది తలపెట్టిన స్పష్టత నిజముగా చేకూరినదా అనునది పరిశీలింపదగిన విషయము.

మూడు ప్రశ్నలు

భౌతికశాస్త్రములో ఒక వస్తువు పది మీటర్ల దూరమున ఉన్నదని చెప్పినంత మాత్రమున దాని స్థానము తెలియదు. ఎచ్చటినుండి పది మీటర్లు, ఏ దిక్కున, అను విషయములు కూడ తెలియవలెను. కాలమును తెలుపు ప్రత్యయమునకును ఇట్టి నియమములే కావలెను. నామవాచకముపై కాలము చేర్చినవారు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసియుండును.

మొదటిది: ఆ కాలము దేనిది? ‘పూర్వపు నా ఇల్లు’ అన్నప్పుడు ఇల్లే లేకుండ పోయినదా, ఇల్లుండియు ఇల్లుగా ఉపయోగపడుట మానినదా, లేక ఇల్లు చక్కగానే ఉండి ‘నాది’ కాకుండ పోయినదా? రెండవది: ఆ కాలమును ఎప్పటినుండి లెక్కింపవలెను? ‘మాజీ మంత్రి 1960లో ఈ వంతెనను ప్రారంభించెను’ అను వాక్యములో ఆయన 1960 నాటికే మాజీయా, ఈనాడు మాజీయా? మూడవది: గడచుటయు, ముగియుటయు ఒక్కటేనా? ‘నిన్న వాన కురిసెను’ అన్నంత మాత్రమున నేడు వాన వెలిసినదని అర్థము కాదు. కాని ‘మాజీ మంత్రి’ అన్నచో పదవి ముగిసినదనియే అర్థము. మొదటిది శుద్ధమైన భూతకాలము, రెండవది సమాప్తి. ఈ రెంటికిని గల భేదమే ఈ విషయమంతటికిని కీలకము.

వోలాప్యూక్: రోజులకు మాత్రమే చాలిన పద్ధతి

జర్మనీ దేశములోని బాడెన్ ప్రాంతమున నివసించిన యోహాన్ మార్టిన్ ష్లాయర్ అను కాథలిక్కు పురోహితుడు 1879, 1880 సంవత్సరములలో వోలాప్యూక్ అను భాషను వెలువరించెను. ఇందు క్రియకు ముందు ఒక అచ్చు చేర్చినచో కాలము మారును. ‘బినొబ్’ అనగా ఉన్నాను. ‘ఎబినొబ్’ అనగా ఉంటిని. ‘ఒబినొబ్’ అనగా ఉందును. ష్లాయర్ ఈ అచ్చులనే కాలవాచకములైన నామములకును చేర్చెను. ‘డెల్’ అనగా దినము. దానినుండి ‘అడెలో’ అనగా నేడు, ‘ఎడెలో’ అనగా నిన్న, ‘ఒడెలో’ అనగా రేపు ఏర్పడినవి.

ఈ పద్ధతి ఇచ్చట నిర్దోషముగా పనిచేయుచున్నది. దినము అనునది స్వయముగా కాలఖండము. కనుక మొదటి ప్రశ్న పుట్టనే పుట్టదు. లెక్క మాటలాడు క్షణమునుండి ప్రారంభమగును. కనుక రెండవ ప్రశ్నయు తీరినది. నిన్నటి దినము గడచినది, ముగిసినది కూడ. అందువలన మూడవ ప్రశ్నకు తావులేదు. కాని ఈ విజయము సూత్రము గొప్పతనము వలన కలిగినది కాదు, ఎన్నుకొన్న మాట సులభమైనది కావుటవలన కలిగినది. ఇదే అచ్చును ఇంటికో రాజునకో చేర్చినచో మూడు ప్రశ్నలును ఒక్కసారిగా తిరిగివచ్చును.

ఎస్పెరాంటో: కాలము ధరించిన పేరు

1887లో వార్సా నగరమున జామెన్‌హోఫ్ అను కంటివైద్యుడు ‘డాక్టర్ ఎస్పెరాంటో’ అను మారుపేరుతో ఒక చిన్న పుస్తకమును ప్రచురించెను. క్రమముగా ఆ మారుపేరే భాషకు పేరైనది. ‘ఎస్పెరి’ అనగా ఆశించుట. ‘ఎస్పెరాంటో’ అనగా ఆశించుచున్నవాడు. అనగా ఈ భాష పేరే వర్తమానకాలమును ధరించిన నామవాచకము. ఆశించినవాడు ‘ఎస్పెరింటో’, ఆశింపబోవువాడు ‘ఎస్పెరోంటో’ అగును.

ఈ భాషలో అ, ఇ, ఓ అను మూడు అచ్చులు వరుసగా వర్తమాన, భూత, భవిష్యత్తులకు గుర్తులు. క్రియలలో ‘అస్’, ‘ఇస్’, ‘ఓస్’. వానినుండి పుట్టిన నామములలో ‘అంటో’, ‘ఇంటో’, ‘ఓంటో’. ‘ఇన్‌స్ట్రుఇ’ అనగా బోధించుట. బోధించుచున్నవాడు ‘ఇన్‌స్ట్రుఅంటో’, బోధించినవాడు ‘ఇన్‌స్ట్రుఇంటో’, బోధింపబోవువాడు ‘ఇన్‌స్ట్రుఓంటో’. తెలుగు విద్యార్థికి ఇది వింతగా తోచదు. వ్రాయుచున్నవాడు, వ్రాసినవాడు, వ్రాయబోవువాడు అను మాటలు ఇట్టివే. తెలుగులో ‘వ్రాయువాడు’ అను నాల్గవ రూపము కూడ గలదు. దీనిని వ్యాకరణవేత్తలు తద్ధర్మమందురు. ఇది కాలముతో నిమిత్తము లేక స్వభావమును తెలుపును. ఎస్పెరాంటోలో ఈ పనిని ‘ఇస్టో’ అను ప్రత్యయము కొంతవరకు నెరవేర్చుచున్నది. ‘ఇన్‌స్ట్రుఇస్టో’ అనగా వృత్తిచేత ఉపాధ్యాయుడు. వేసవి సెలవులలో నిద్రించుచున్నను ఆయన ఇన్‌స్ట్రుఇస్టోయే. ఇన్‌స్ట్రుఅంటో మాత్రము కాడు. ఈ విచక్షణ ప్రశంసింపదగినది.

పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుని ఏమనవలెను? ‘ఇన్‌స్ట్రుఇంటో’ అన్నచో బోధించినవాడని మాత్రమే అర్థము. నిన్న పాఠము చెప్పి రేపు మరల చెప్పబోవు యువకుడును బోధించినవాడే. వృత్తి ముగిసినదని చెప్పవలెనన్నచో ‘ఎక్స్’ అను ఉపసర్గ చేర్చి ‘ఎక్స్ఇన్‌స్ట్రుఇస్టో’ అనవలెను. అనగా జామెన్‌హోఫ్ భాషలో గడచుటకు ఒక గుర్తు, ముగియుటకు మరియొక గుర్తు ఉన్నవి. ఇది గొప్ప సదుపాయము. అయినను మూడు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, ‘అంటో, ఇంటో, ఓంటో’ అను వరుస క్రియార్థముగల ధాతువులనుండి పుట్టిన నామములకే తగును. ‘డోమో’ అనగా ఇల్లు. దీనికి నేరుగా కాలము చేర్చుటకు వీలులేదు. ‘ఎక్స్’ చేర్చి పూర్వపుదనవచ్చును గాని, కాబోవునదనుటకు ‘ఎక్స్’కు జోడైన ఉపసర్గ అధికారిక పద్ధతిలో లేదు. ‘ఎస్టోంటా’ అను విశేషణమును వేరుగా తెచ్చుకొనవలెను. పట్టికలో మూడు గదులుండవలసినచోట ఒకటి ఖాళీగా ఉండిపోయినది.

రెండవది, లెక్క ఎప్పటినుండియో నిశ్చయము లేదు. ‘వెంకోంటో’ అనగా గెలువబోవువాడు. ‘నిన్న ఉదయము వెంకోంటోను చూచితిని’ అని ఒకడు చెప్పినాడనుకొనుడు. పందెము నిన్న సాయంకాలమే ముగిసియున్నచో, ఆ మనుష్యుడు ఉదయపు లెక్కలో గెలువబోవువాడు, నేటి లెక్కలో గెలిచినవాడు. పందెము రేపు జరుగవలసియున్నచో రెండు లెక్కలలోను గెలువబోవువాడే. మాట ఒక్కటే, అది ఏ లెక్కయో సందర్భమునుబట్టి ఊహించుకొనవలసినదే.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఈ ప్రత్యయములు కాలమును తెలుపునా, పని పూర్తియగుటను తెలుపునా అను విషయమున ఎస్పెరాంటో పండితులలోనే దీర్ఘకాలము వివాదము జరిగినది. కర్మార్థమున వచ్చు ‘అట’, ‘ఇట’ అను రూపములను గూర్చి ఏర్పడిన రెండు పక్షములకును ఆ పేర్లే నిలిచినవి. ‘ఆ ఇల్లు ఫలాని సంవత్సరమున కట్టబడెను’ అని చెప్పుటకు, కట్టుట ఆ సంవత్సరముననే జరుగుచుండెను గనుక వర్తమానరూపము వాడవలెనని ఒక పక్షము. పని పూర్తియైనది గనుక భూతరూపము వాడవలెనని రెండవ పక్షము. తుదకు 1967లో ఎస్పెరాంటో అకాడమీ రెండవ పక్షమును సమర్థించినది. భాష పుట్టిన 80 సంవత్సరములకు గాని దాని ప్రత్యయముల అర్థమును గూర్చి తీర్పు వెలువడలేదు. పదునారు నియమములలో ఇమిడిన భాషకు ఈ చిక్కు ఎట్లు వచ్చినది? రూపములను పట్టికగా వేసినంత సులభముగా అర్థములను నిర్వచించుట జరుగలేదు. అదియే కారణము.

సహజ భాషల సాక్ష్యము

నామవాచకముపై కాలచిహ్నము కేవలము కల్పన కాదు. పాణిని అష్టాధ్యాయి ఐదవ అధ్యాయమున ‘చర’ అను ప్రత్యయమును విధించెను. ‘ఆఢ్యచరుడు’ అనగా పూర్వము ధనికుడుగా ఉన్నవాడు. తెలుగు గ్రంథములలో కానవచ్చు ‘అదృష్టచరము’, ‘అశ్రుతచరము’ అను మాటలలోనిదియు ఆ చరయే. మునుపు చూడబడనిది, మునుపు వినబడనిది అని వాని అర్థము.

దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశమున ప్రజలు విశేషముగా మాటలాడు గ్వారానీ భాష దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ‘ఓగ’ అనగా ఇల్లు. ‘ఓగక్వె’ అనగా ఒకప్పుడు ఇల్లైనది. ‘ఓగరా’ అనగా ఇల్లు కాబోవునది. ఈ రెండు ప్రత్యయములును కలిసి ‘ఓగరాంగ్వె’ అను మాట గూడ ఏర్పడును. ఇల్లు కావలసియుండి కాకపోయినది అని దాని అర్థము. భవిష్యత్తు భూతకాలమునకు అద్దములోని ప్రతిబింబము కాదు. జరిగినది జరిగినదే, జరుగవలసినది జరుగకపోవచ్చును. తోకకప్పను ‘కాబోవు కప్ప’ అనవచ్చును గాని, చేపల నోట పడిన తోకకప్ప ఎన్నటికిని కప్ప కాదు. ఎస్పెరాంటో పట్టికలో ఇట్టి దానికి గది లేదు. గ్వారానీ పల్లెవాసుల నోట ఉన్నది.

ఆస్ట్రేలియా ఉత్తరమున బెంటింక్ ద్వీపవాసుల భాషయైన కయర్దిల్డ్‌లో మరియొక రీతి కలదు. అందు కర్మపదముపై చేరు విభక్తి, వాక్యములోని పని ఎప్పటిదో తెలుపును. అనగా గుర్తు నామముపైన, కాలము వాక్యమునది. రేచల్ నార్డ్‌లింగర్, లూయిసా శాడ్లర్ అను భాషాశాస్త్రజ్ఞులు 2004లో ‘లాంగ్వేజ్’ పత్రికయందు అనేక భాషలను పరిశీలించి, నామవాచకపు స్వంత కాలమును, వాక్యమునకు చెందిన కాలమును వేరుచేసి చూపిరి. 2007లో అదే పత్రికయందు జుడిత్ టోన్‌హౌసర్ గ్వారానీ ప్రత్యయములు అసలు కాలచిహ్నములే కావని వాదించెను. ఆమె వాదమునకు ముఖ్యమైన ఆధారము పైన చెప్పిన మూడవ ప్రశ్నయే: క్రియలోని భూతకాలము పని ముగిసినదని చెప్పనక్కరలేదు, ‘క్వె’ మాత్రము ఆ స్థితి తీరిపోయినదని చెప్పి తీరును. కనుక అది కాలము కాదు, స్థితి మార్పును తెలుపు గుర్తు.

లోజ్బాన్: రెండు గుర్తుల భాష

జేమ్స్ కుక్ బ్రౌన్ అను అమెరికను 1955లో లోగ్లాన్ అను తర్కభాషను నిర్మింపనారంభించెను. 1960లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో దానిని గూర్చి వ్యాసము ప్రకటించెను. భాష మనుష్యుని ఆలోచనను ఎంతవరకు నడుపునో పరీక్షించుటకు దానిని సాధనముగా ఉపయోగింపవలెనని ఆయన సంకల్పము. 1987లో దానినుండి విడివడి లోజ్బాన్ ఏర్పడినది. 1997లో దాని సమగ్ర వ్యాకరణము అచ్చైనది.

లోజ్బాన్‌లో నామవాచకము, క్రియ అను విభజన ధాతువులలో లేదు. ‘ప్లిని’ అను మాటకు ‘గ్రహమై ఉండుట’ అని అర్థము. దానికి ముందు ‘లొ’ చేర్చినచో గ్రహమైనది, అనగా గ్రహము, అగును. కనుక కాలచిహ్నము నామముపైకి రావచ్చునా అను ప్రశ్నయే లేదు. క్రియకు చేరునదే ఇచ్చటను చేరును. ‘లొ పు ప్లిని’ అనగా పూర్వము గ్రహమైయున్నది. ఇప్పుడును గ్రహముగా ఉన్నదో లేదో ‘పు’ చెప్పదు. ‘లొ బహొ ప్లిని’ అనగా గ్రహత్వము తీరిపోయినది. ‘లొ పుహొ ప్లిని’ అనగా ఇంకను గ్రహము కాక, కాబోవు స్థితిలోనున్నది. గడచుటకును ముగియుటకును రెండు వేర్వేరు గుర్తులు. పైగా వానిని వాడుటయు వాడకపోవుటయు వక్త ఇష్టము. గ్వారానీని గూర్చిన వాదము పత్రికలకెక్కుటకు పది సంవత్సరములకు పూర్వమే ఈ భేదము లోజ్బాన్ వ్యాకరణములో నమోదైయుండెను. ఈ విషయమున దాని నిర్మాతల శ్రద్ధ మెచ్చదగినది.

ప్లూటో పరీక్ష

ఇంత నిశితమైన సాధనమునకు ఒక శాస్త్రీయమైన పరీక్ష పెట్టి చూడవచ్చును. 1930లో క్లైడ్ టాంబా అమెరికాలోని లోవెల్ పరిశోధనాలయమున ప్లూటోను కనుగొనెను. అది తొమ్మిదవ గ్రహమని పుస్తకములకెక్కినది. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము గ్రహమునకు నిర్వచనము చేసినది. సూర్యుని చుట్టు తిరుగవలెను, తన గురుత్వము వలన గుండ్రముగా రూపొందియుండవలెను, తన కక్ష్యా ప్రాంతమును ఇతర వస్తువులనుండి తొలగించియుండవలెను. మూడవ నియమమున ప్లూటో తప్పినది. దానిని మరుగుజ్జు గ్రహముగా పరిగణించిరి.

ఇప్పుడు ప్లూటో ‘లొ పు ప్లిని’యా, ‘లొ బహొ ప్లిని’యా? రెండవదన్నచో 2006లో దాని గ్రహత్వము తీరిపోయినదని అర్థము. కాని ఆ దినమున ప్లూటోలో ఏ మార్పును జరుగలేదు. ప్లూటో సూర్యుని చుట్టి వచ్చుటకు సుమారు 248 సంవత్సరములు పట్టును. గ్రహమని పేరు పొంది, ఆ పేరు పోగొట్టుకొనిన 76 సంవత్సరములలో అది తన ప్రదక్షిణములో మూడవవంతు కూడ పూర్తిచేయలేదు. మొదటిదన్నచో పూర్వము అది గ్రహమే అని ఒప్పుకొన్నట్లగును. 2006 నిర్వచనము ప్రకారము అది 1930లోను గ్రహము కాదు. ఈ రెండు చిహ్నములలో ఏది వాడినను, మార్పు ఆకాశమున జరిగినదను అభిప్రాయము కలుగును. జరిగినది మనుష్యుల పుస్తకములలో.

సెరీస్ విషయమును ఇట్టిదే. 1801 జనవరి 1న పియాజ్జి దానిని కనుగొన్న తరువాత కొన్ని దశాబ్దములు అది గ్రహమనియే లెక్కింపబడినది. తరువాత గ్రహశకలములలో చేరినది. 2006లో మరుగుజ్జు గ్రహమైనది. రాయి మారలేదు, పేరు రెండుమార్లు మారినది. దీనిని నిర్దుష్టముగా చెప్పవలెనన్నచో కాలమును ‘గ్రహము’ అను మాటకు గాక, పిలుచుట అను క్రియకు చేర్చవలెను: ‘గ్రహమని పిలువబడినది’. తోకకప్ప విషయము వేరు. అచ్చట మారునది జీవియే. అది తోక పోగొట్టుకొనును, కాళ్ళు మొలచును, ఊపిరితిత్తులతో గాలి పీల్చును. ‘ఒకప్పటి తోకకప్ప’ అనుటలో దోషము లేదు. ‘ఒకప్పటి గ్రహము’ అనుటలో ఉన్నది. రెంటికిని ఒక్క ప్రత్యయమునే చేర్చు భాష ఈ భేదమును మరుగుపరచును.

తేలిన విషయము

నామవాచకముపై కాలము చేర్చుట వ్యర్థప్రయాస అని దీనివలన తేలదు. వోలాప్యూక్ తనకు తగిన చిన్న మేరలో నెగ్గినది. ఎస్పెరాంటో బోధించినవానిని, బోధించుచున్నవానిని, వృత్తిచేత బోధకుడైనవానిని వేరుచేసి చూపగలిగినది. లోజ్బాన్ గడచినదానిని, ముగిసినదానిని విడదీసినది. ఈ ప్రయోగములు లేకున్న ‘మాజీ’, ‘కాబోవు’, ‘పూర్వపు’ అను మాటలలో ఎన్ని అర్థములు దాగియున్నవో ఎవరును ఇంత శ్రద్ధగా చూచియుండరు. కృత్రిమ భాషల అసలు ప్రయోజనమిది. అవి భాషకు ప్రయోగశాల వంటివి. ప్రయోగము విఫలమైనను ఫలితము దక్కును.

విమర్శింపదగినది వేరొకటి. రూపములు క్రమబద్ధమైనచో అర్థములును తమంత తామే క్రమబద్ధమగునను నమ్మకము ఈ నిర్మాణములలో పెక్కింటికి మూలము. మూడు అచ్చులు, మూడు కాలములు, అందమైన పట్టిక. కాని ఏ గదిలో ఏమున్నదో నిర్ణయించుటకు దీర్ఘకాలపు వివాదము. శాస్త్రములలోను ఇట్టి పొరపాటునకు అవకాశము కలదు. పారిభాషిక పదములను ఒకే తీరున కల్పించినంత మాత్రమున భావములు స్పష్టమగుననుకొనుట దానికి సోదరమైన భ్రమ. పదమునకు ముందు నిర్వచనము రావలెను. ప్రత్యయమునకు ముందు ప్రశ్న రావలెను.

ఉన్నత పాఠశాలలలో భాషోపాధ్యాయుడును, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడును కలిసి ఒక చిన్న అభ్యాసమును చేయింపవచ్చును. పాత ఇల్లు, మాజీ మంత్రి, కాబోవు వైద్యుడు, ఒకప్పటి నది, తోకకప్ప, ప్లూటో అను ఆరు మాటలను నల్లబల్లపై వ్రాసి, ప్రతిదానియందును మారినది వస్తువా, దాని స్థితియా, దాని సంబంధమా, లేక దానికి మనుష్యులు పెట్టిన పేరా అని విద్యార్థులను అడుగవచ్చును. సమాధానములు ఒక్కటిగా ఉండవు. ఆ తరగతిలో వ్యాకరణము, శాస్త్రము అను రెండు పాఠములును ఒక్క గంటలోనే జరుగును.